ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ 2015: బోగట్‌ను కూర్చోబెట్టాలా? వారియర్స్ కోచ్ కెర్, కావలీర్స్ కోచ్ బ్లాట్ నిర్ణయాలపై చర్చ

పాత సెంటర్ | జూన్ 10, 2015

మూడో మ్యాచ్ కూడా పోయింది. క్లీవ్‌లాండ్ కావలీర్స్ 96, మన గోల్డెన్ స్టేట్ వారియర్స్ 91. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో కావలీర్స్‌దే 2-1 ఆధిక్యం. మ్యాచ్ ముగిసినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఒకటే మాట: మన సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) ఆండ్రూ బోగట్‌ను పక్కన పెట్టండి, పొట్టి జట్టుతో ఆడండి. నేను ససేమిరా ఒప్పుకోను. ఎందుకో రాస్తాను, కాదనేవాళ్లు కారణాలతో కాదనండి.

రెగ్యులర్ సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచి 15 మాత్రమే ఓడిన జట్టు ఇది. ఆ గెలుపుల్లో కరీ దూరం నుంచి వేసే త్రీ పాయింటర్లకు ఎంత వాటా ఉందో, రింగు దగ్గర బోగట్ కాపలాకూ అంతే వాటా ఉంది. ఈ ఏడాది ఆల్ డిఫెన్సివ్ రెండో జట్టులో అతని పేరు ఊరికే రాలేదు. అవతల మోజ్‌గోవ్ 7 అడుగుల 1 అంగుళం. ట్రిస్టన్ థాంప్సన్ రీబౌండ్‌కు (పడని షాట్ తిరిగొచ్చే బంతికి) లేచాడంటే ఇద్దరిని తోసుకుని మరీ లేస్తాడు. వీళ్లిద్దరికీ ఎదురుగా 6 అడుగుల 7 అంగుళాల డ్రేమండ్ గ్రీన్‌ను సెంటర్‌గా నిలబెట్టి మ్యాచ్ అంతా నెట్టుకురాగలమా? ఐదు నిమిషాలంటే సరే. మొదటి నిమిషం నుంచీ అంటే మాత్రం ఆ కుర్రవాడి నడుము విరగ్గొట్టడమే.

అసలు లోపం లైనప్‌లో (కోర్టులోకి దించే ఐదుగురిలో) లేదు, షాట్లు పడకపోవడంలో ఉంది. మూడో మ్యాచ్‌లో బార్న్స్ ఎనిమిది ప్రయత్నాల్లో ఒక్కటీ వేయలేదు. గ్రీన్ పదింటిలో రెండు. రెండో మ్యాచ్‌లో కరీ 23లో ఐదు. వీటిలో సగం పడి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. భయపడి ఇల్లు మార్చుకోవడం కాదు కోచ్ పని.

నీలి జెర్సీ | జూన్ 10

పాత సెంటర్ గారూ, షాట్లు ఎందుకు పడలేదో కూడా అడగాలి కదా. మూడు క్వార్టర్లు ముగిసేసరికి 72-55. చివరి క్వార్టర్‌లో ఒక్కసారిగా 36 పాయింట్లు వచ్చాయి. అవే చేతులు, అదే రింగు. మారింది ఏమిటి? కోర్టులో మనుషులు మారారు. సిరీస్ అంతా బెంచీకే పరిమితమైన డేవిడ్ లీ లోపలికి వచ్చి 11 పాయింట్లు చేశాడు. కరీ ఆ ఒక్క క్వార్టర్‌లో 17 చేశాడు. వరుసగా రెండు మ్యాచ్‌లు ఊపిరాడక తిరిగినవాడికి ఒక్కసారిగా గాలి తగిలింది. ఇది అదృష్టం అంటే నేను నమ్మను.

జిల్లా కోచ్ | జూన్ 10

నీలి జెర్సీ గారు సరైన చోట వేలు పెట్టారు. నేను బాలికల జట్టుకు శిక్షణ ఇస్తాను కనుక ఆ చివరి క్వార్టర్‌ను రికార్డింగ్‌లో ఆపి ఆపి చూశాను. ఏం జరుగుతోందో వివరంగా చెబుతాను, ఇక్కడ చాలామందికి ఉపయోగపడుతుంది.

కరీ బంతితో పైన ఉంటాడు. గ్రీన్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే కరీని కాసేవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. క్లీవ్‌లాండ్ గార్డ్ డెలవెడోవా కరీని వదలడు, గ్రీన్‌ను కాయాల్సిన ఆటగాడు కూడా కరీ మీదికే దూకుతాడు. ఇద్దరూ మీద పడేసరికి కరీ బంతిని ఫ్రీ త్రో గీత దగ్గరికి జారుకుంటున్న గ్రీన్‌కు అందిస్తాడు. ఇప్పుడు లెక్క చూడండి: కరీ దగ్గర ఇద్దరు ఉండిపోయారు కాబట్టి మిగిలిన చోట వారియర్స్ నలుగురు, క్లీవ్‌లాండ్ వాళ్లు ముగ్గురు. ఏ జట్టుకైనా ఇది పండగ. కానీ ఆ నలుగురిలో బోగట్ ఒకడు. అతను రింగు పక్కన బేస్‌లైన్ దగ్గర నిలబడి ఉంటాడు. దూరం నుంచి షాట్ వేయడు. కాబట్టి మోజ్‌గోవ్‌కు ఎక్కడికీ కదలాల్సిన అవసరం లేదు. రింగు కిందే ఉండి ఒక కన్ను బోగట్ మీద, ఒక కన్ను గ్రీన్ మీద వేస్తే చాలు. గ్రీన్ లోపలికి వస్తే ఎదురుగా ఏడడుగుల మనిషి. తేలికగా కనిపించే షాట్ తేలిక కాకుండా పోతుంది. పదింటిలో రెండు పడ్డాయంటే కారణం ఇదే.

లీ వచ్చాక ఆ మధ్యలో బంతి అందుకున్నది అతను. పరుగులోనే పట్టుకుని, ఆగకుండా పాస్ ఇచ్చాడు లేదా లేఅప్ (రింగు పక్క నుంచి షాట్) వేశాడు. మోజ్‌గోవ్ ఒక అడుగు ఆలస్యమయ్యాడు.

నా మాట: మోజ్‌గోవ్‌ను రింగు కింద నుంచి బయటికి లాగాలి. దానికి ఐదుగురూ షాట్ వేయగలిగిన వాళ్లో, కనీసం ఐదుగురూ బంతిని నడపగలిగిన వాళ్లో కావాలి.

ఈరీ ఒడ్డు | జూన్ 10

క్లీవ్‌లాండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ నేను, నాతో పనిచేసే తెలుగువాళ్లు కొందరం కావలీర్స్ అభిమానులం, ముందే చెప్పేస్తున్నాను. మీరంతా కెర్ గురించి మాట్లాడుతున్నారు. డేవిడ్ బ్లాట్ చేస్తున్నది ఎంత పెద్ద పనో ఎవరూ చెప్పడం లేదు. కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనే భుజం పోయి వెళ్లిపోయాడు. వరెజావ్ డిసెంబరు నుంచే లేడు. మొదటి మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో కైరీ ఇర్వింగ్ మోకాలి చిప్ప పగిలింది. మిగిలింది ఏడెనిమిది మంది. వాళ్లతో ఆటను నెమ్మదింపజేసి, ప్రతి బంతికీ గడియారాన్ని కరిగించి, 67 విజయాల జట్టును 2-1తో వెనక్కి నెట్టాడు. మొదటి మ్యాచ్ కూడా చేతి వరకూ వచ్చి పోయింది.

ఒక్క భయం ఉంది, దాచను. డెలవెడోవా 20 పాయింట్లు చేసి, మ్యాచ్ తరువాత కండరాలు పట్టేసి ఆసుపత్రికి వెళ్లాడు. గెలిచిన రోజు ఇది. ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండవచ్చు.

అంకెల పుస్తకం | జూన్ 11

ఈరీ ఒడ్డు గారి భయానికి అంకెలు జోడిస్తాను. కావలీర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ మూడు మ్యాచ్‌ల్లో వరుసగా 44, 39, 40 పాయింట్లు. మొత్తం 123. అందరూ ఇక్కడే ఆగిపోతున్నారు. ఆ 123 కోసం వేసిన షాట్లు 107. ఆడిన నిమిషాలు 46, 50, 46. మూడింటిలో రెండు మ్యాచ్‌లు ఓవర్‌టైమ్‌కు వెళ్లాయి.

కెర్ పథకం ఇదే అని నా నమ్మకం. లెబ్రాన్ మీదికి రెండో మనిషిని పంపడం లేదు. అతని కాపలాకు ఇగ్వడాలానో బార్న్స్‌నో ఒంటరిగా వదిలి, మిగతా నలుగురికి తేలిక షాట్లు దొరకకుండా చూస్తున్నాడు. వేయనీ, అలిసిపోనీ అనే ధోరణి. ఇప్పటికి ఫలితం చేదుగా ఉంది. సిరీస్ పొడవు పెరిగేకొద్దీ ఈ పథకం విలువ పెరుగుతుంది. కాబట్టి లైనప్ మార్చాలా వద్దా అన్న ప్రశ్నను ఎత్తుతో ముడిపెట్టకండి. ఆటను వేగవంతం చేసే లైనప్ ఏది, లెబ్రాన్‌ను వెనక్కి ముందుకి ఎక్కువసార్లు పరుగెత్తించే లైనప్ ఏది అని అడగండి.

తార్నాక త్రీ | జూన్ 11

2011 ఫైనల్స్ గుర్తుచేస్తాను. డాలస్ 2-1తో వెనుకబడి ఉంది. ఎదురుగా మయామీ, అందులో ఇదే లెబ్రాన్. నాలుగో మ్యాచ్‌కు డాలస్ కోచ్ రిక్ కార్లైల్ ఏం చేశాడు? డీషాన్ స్టీవెన్‌సన్‌ను బెంచీ మీదికి పంపి, ఆరడుగులు కూడా లేని జె.జె. బరేయాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. ఆ తరువాత వరుసగా మూడు మ్యాచ్‌లూ డాలస్‌వే. అప్పుడు ఆ డాలస్ జట్టులో ఉన్న షాన్ మారియన్ ఈ రోజు క్లీవ్‌లాండ్ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. కెర్ ధైర్యం చేయాలి. ఓడిపోయాక మార్చి లాభం ఏమిటి?

పాత సెంటర్ | జూన్ 11

తార్నాక త్రీ, నీ ఉత్సాహం బాగుంది కానీ పోలిక సరిపోదు. కార్లైల్ తీసింది ఒక వింగ్ ఆటగాణ్ని, తెచ్చింది ఒక గార్డ్‌ను. డాలస్ సెంటర్ టైసన్ చాండ్లర్ మాత్రం రింగు కిందే ఉన్నాడు. సెంటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు.

జిల్లా కోచ్ మాస్టారు చెప్పిన నలుగురు-ముగ్గురు లెక్క నాకు అర్థమైంది. అది నిజం. కానీ బోగట్‌ను ఉంచుకునే దారి ఉందని ఇదే కెర్ గత నెలలో చూపించాడు. రెండో రౌండ్‌లో మెంఫిస్ మీద 2-1తో వెనుకబడ్డాం. నాలుగో మ్యాచ్‌లో బోగట్‌ను మెంఫిస్ ఆటగాడు టోనీ అలెన్‌కు కాపలా పెట్టాడు. కాపలా అంటే పేరుకే. అలెన్ బయట నుంచి వేస్తే వేసుకో అని వదిలేసి, బోగట్ రింగు దగ్గరే నిలబడ్డాడు. వాళ్ల పొడవాటి ఆటగాళ్లు రాండాల్ఫ్, గసోల్‌లకు లోపల చోటు లేకుండా పోయింది. 101-84తో గెలిచాం, ఆ సిరీస్ మళ్లీ మెంఫిస్ చేతికి చిక్కలేదు. ఆలోచన అంటే అదీ. ఉన్న మనిషిని కొత్త పనికి వాడాలి. తీసి పారేయడం కాదు.

జిల్లా కోచ్ | జూన్ 11

మెంఫిస్ ఉదాహరణ గొప్పది. అయితే అది డిఫెన్స్‌లో దొరికిన పరిష్కారం. ఇక్కడ వారియర్స్ ఇబ్బంది ఎక్కువగా అటాక్‌లో ఉంది. క్లీవ్‌లాండ్‌ను 100 లోపే ఆపుతున్నారు. ఆపుతూనే ఓడుతున్నారు. అందుకే మందు వేరే చోట వేయాలంటాను.

నీలి జెర్సీ | జూన్ 12, ఉదయం

చూశారా! చూశారా! 103-82! మొదటి ఐదుగురిలో ఇగ్వడాలా! బోగట్ బెంచీ మీద!

తార్నాక త్రీ | జూన్ 12

నాలుగో మ్యాచ్‌కే మార్చాడు. సీజన్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడని మనిషిని ఫైనల్స్‌లో ఓడితే 3-1 అయ్యే రోజున దించాడు. ఇగ్వడాలా 22, కరీ 22. లెబ్రాన్ 20 దగ్గర ఆగిపోయాడు.

అంకెల పుస్తకం | జూన్ 12

స్కోరు తేడా చూసి ఇది సునాయాసమైన మ్యాచ్ అనుకోవద్దు. క్వార్టర్ క్వార్టర్‌గా చూడండి. మూడో క్వార్టర్ చివరికి 76-70 మాత్రమే. క్లీవ్‌లాండ్ బాగా దగ్గరికి వచ్చింది. చివరి క్వార్టర్‌లో 27-12. అంటే కాళ్లు ఆగిపోయాయి. కావలీర్స్ త్రీ పాయింటర్లు 27 వేస్తే నాలుగు పడ్డాయి. జె.ఆర్. స్మిత్ ఎనిమిదిలో సున్నా. డెలవెడోవా మొత్తం 14 షాట్లలో మూడు. వీటిలో చాలా షాట్లు ఖాళీగా దొరికినవే. అలిసిన కాళ్లతో వేసిన బంతి రింగుకు ముందే తగులుతుంది.

జిల్లా కోచ్ | జూన్ 12

నా మనసులో నిలిచిపోయింది ఇగ్వడాలా పాయింట్లు కాదు. మొదటి రెండు మూడు నిమిషాలు.

ఆట మొదలవగానే 7-0. క్లీవ్‌లాండ్ ముందంజ. బంతి తిరిగొచ్చిన ప్రతిసారీ మోజ్‌గోవ్, థాంప్సన్ చేతులే పైన ఉన్నాయి. పాత సెంటర్ గారు ఏది జరుగుతుందన్నారో అదే జరుగుతోంది. ఇరవై వేల మంది అరుస్తున్నారు. కెర్ టైమ్‌అవుట్ అడిగాడు. ఇక్కడే కోచ్‌కు పరీక్ష. చేతిలో బోగట్ ఉన్నాడు, తిరిగి పంపితే ఎవరూ తప్పుపట్టరు, ప్రయోగం చేశాడు కుదరలేదు అంటారు. కెర్ పంపలేదు. అదే ఐదుగురిని వెనక్కి పంపాడు. క్వార్టర్ ముగిసేసరికి 31-24తో వారియర్స్ ముందుకు వెళ్లారు.

నిర్ణయం తీసుకోవడం ఒక పని. ఏడు సున్నా దగ్గర దాన్ని పట్టుకుని నిలబడడం ఇంకా కష్టమైన పని. మా ఆడపిల్లల టోర్నమెంటుల్లో నేను చూసిన కోచ్‌లలో ఎక్కువమంది మొదటి దెబ్బకే పాత లైనప్‌కు పరుగెత్తుతారు. అప్పుడు పిల్లలకు రెండు లైనప్‌ల మీదా నమ్మకం పోతుంది.

ఇంకొకటి గమనించారా? లెబ్రాన్ మీదికి రెండో మనిషిని పంపడం కూడా ఈసారి పెరిగింది. అతను వెనక్కి తిరిగి రింగు వైపు నెట్టుకుంటూ వచ్చేటప్పుడు పక్క నుంచి చేయి వచ్చి పడుతోంది. పొట్టి జట్టు కాబట్టి మనుషులు చకచకా మారగలిగారు.

పాత సెంటర్ | జూన్ 12

గెలుపును తక్కువ చేయను. కానీ మోజ్‌గోవ్ ఎన్ని చేశాడో కూడా రాయండి. 28 పాయింట్లు, 10 రీబౌండ్లు. ఈ పొట్టి లైనప్‌కు కట్టిన మూల్యం అది. క్లీవ్‌లాండ్ గార్డులు 27లో నాలుగుకు బదులు తొమ్మిది వేస్తే ఈ పొద్దు మనం ఏం మాట్లాడుకునేవాళ్లం? ఒక్క మ్యాచ్‌తో సెంటర్ల కాలం చెల్లిపోయిందని తీర్మానించకండి.

నీలి జెర్సీ | జూన్ 12

మోజ్‌గోవ్ 28 చేయడమే వారియర్స్‌కు కావలసింది. బంతి మోజ్‌గోవ్ చేతికి వెళ్లిన ప్రతిసారీ లెబ్రాన్ చేతిలో లేదని అర్థం.

ఓక్‌లాండ్ రైలు | జూన్ 12

ఈ ఆలోచన ఎవరిదో తెలిసిందా? కెర్‌దీ కాదు, సీనియర్ సహాయకులదీ కాదు. నిక్ యురెన్ అనే 28 ఏళ్ల కుర్రవాడిది. కెర్‌కు ప్రత్యేక సహాయకుడు. గత ఏడాది ఫైనల్స్ వీడియోలు వేసుకుని చూశాడట. 2014లో శాన్ ఆంటోనియో, మయామీ 1-1 మీద ఉన్నప్పుడు మూడో మ్యాచ్‌కు శాన్ ఆంటోనియో కోచ్ పొపోవిచ్ పొడవాటి స్ప్లిటర్‌ను తీసి బోరిస్ డియాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. మిగిలిన మూడు మ్యాచ్‌లూ 111-92, 107-86, 104-87. యురెన్ అర్ధరాత్రి దాటాక సహాయ కోచ్ ల్యూక్ వాల్టన్‌కు ఈ సంగతి చెప్పాడు, అక్కడి నుంచి కెర్‌కు చేరింది. మ్యాచ్ గెలిచాక కెర్ విలేకరుల ముందు ఆ కుర్రవాడి పేరు చెప్పి మరీ ఘనత ఇచ్చాడు.

నేను ఉండేది ఫ్రీమాంట్‌లో. ఇక్కడి తెలుగు ఇంజనీర్లలో నిన్నటి దాకా క్రికెట్ తప్ప మరొకటి చూడనివాళ్లు కూడా ఈ వేళ ఆఫీసులో యురెన్ గురించే మాట్లాడారు. కింది స్థాయి ఉద్యోగి మాటను పైవాడు విని, అమలు చేసి, పేరు కూడా అతనికే ఇవ్వడం ఎంతమందికి జరుగుతుంది! కెర్ మీద నాకు గౌరవం రెట్టింపయింది.

ఈరీ ఒడ్డు | జూన్ 12

గౌరవం సంగతి సరే. మ్యాచ్‌కు ముందు లైనప్ మార్పు లేదని విలేకరులకు చెప్పిన మాటో? అబద్ధం ఆడానని తరువాత తానే ఒప్పుకున్నాడు. ట్రోఫీని నీతిమంతులకు కాదు, గెలిచినవాళ్లకు ఇస్తారన్నట్టు మాట్లాడాడు. నాకు అది నచ్చలేదు.

జిల్లా కోచ్ | జూన్ 12

ఈరీ ఒడ్డు గారూ, మీ నొప్పి అర్థమైంది. కానీ నిజం చెబితే ఆ ప్రశ్న అడిగిన విలేకరికి కాదు, బ్లాట్‌కు చెప్పినట్టే. సమాధానం చెప్పనని ఊరుకుంటే అందరికీ తెలిసిపోతుంది. ఇది మైదానంలో ఎత్తుగడ కిందికే వస్తుంది. తన ఆటగాళ్లకు అబద్ధం చెప్పి ఉంటే అప్పుడు నేనూ మీ పక్షమే.

పాత సెంటర్ | జూన్ 12

బోగట్ గురించి ఒక్క మాట రాయనివ్వండి. అతను మూడు నిమిషాలు కూడా ఆడలేదు. సీజన్ అంతా మొదటి ఐదుగురిలో ఉన్నవాడు. ముఖం మాడ్చుకోలేదు. ఇగ్వడాలా కూడా ఇలాంటి వాడే. ఈ ఏడాదికి ముందు కెరీర్ మొత్తంలో అతను ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలోనే ఉన్నాడు. సీజన్ మొదట్లో కెర్ అడిగితే బార్న్స్ కోసం బెంచీ మీదికి వెళ్లాడు. ఆల్‌స్టార్ అయిన లీ తన స్థానాన్ని గ్రీన్‌కు వదిలాడు. లైనప్‌ను కాగితం మీద ఎవరైనా మారుస్తారు. మార్చితే గొడవ కాని జట్టును తయారు చేసుకోవడం వేరే విద్య.

తార్నాక త్రీ | జూన్ 15, ఉదయం

ఐదో మ్యాచ్: వారియర్స్ 104, కావలీర్స్ 91. కరీ 37, అందులో 17 చివరి క్వార్టర్‌లో. డెలవెడోవాను ఎదురుగా పెట్టుకుని బంతిని అటూ ఇటూ తిప్పి, వెనక్కి జరిగి వేసిన ఆ త్రీ చూశారా? రెండో మ్యాచ్ బాకీ వడ్డీతో సహా తీర్చాడు.

కానీ నా ప్రశ్న బ్లాట్ గురించి. మూడు రోజుల క్రితం 28 పాయింట్లు చేసిన మోజ్‌గోవ్ ఈ రోజు తొమ్మిది నిమిషాలే ఆడాడు. సున్నా పాయింట్లు. ఇది ఎలా అర్థం చేసుకోవాలి?

పాత సెంటర్ | జూన్ 15

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంతకన్నా వేరే మాట లేదు. నీ దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆధిక్యం ఎత్తు. అవతలివాడు పొట్టి జట్టుతో వచ్చాడు కాబట్టి నేనూ పొట్టి జట్టుతో వస్తాను అంటే, అతని ఆట అతని నియమాలతో ఆడడానికి ఒప్పుకున్నట్టే. పరుగు పందెంలో వారియర్స్‌ను గెలిచే జట్టు ఈ భూమి మీద ఉందా? ఇర్వింగ్ ఉంటే అది వేరే సంగతి. లేని గార్డులతో గార్డుల ఆట ఆడడం ఎందుకు?

పైగా బ్లాట్‌కు మోజ్‌గోవ్ కొత్తవాడు కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో రష్యా కాంస్యం గెలిచినప్పుడు కోచ్ బ్లాట్, జట్టులో మోజ్‌గోవ్. అతను ఏం చేయగలడో ప్రపంచంలో బ్లాట్ కన్నా ఎవరికీ ఎక్కువ తెలియదు. అలాంటివాడు అతన్నే నమ్మకపోవడం నాకు బాధ కలిగించింది.

ఈరీ ఒడ్డు | జూన్ 15

నేను బ్లాట్‌ను సమర్థిస్తున్నాను. కావలీర్స్ అభిమానిని కనుక కాదు, నాలుగో మ్యాచ్‌లో జరిగింది చూశాను కనుక. మోజ్‌గోవ్ 28 చేసిన ఆ మ్యాచ్‌లో మేము 21 తేడాతో ఓడాం. మోజ్‌గోవ్ ఆడని ఈ మ్యాచ్‌లో ఎనిమిది నిమిషాలు కూడా మిగలని సమయంలో లెబ్రాన్ అంత దూరం నుంచి త్రీ వేశాడు, 80-79తో మేమే ముందున్నాం. ఓక్‌లాండ్‌లో, వాళ్ల సొంత కోర్టులో! ఇర్వింగ్, లవ్ లేకుండా ఇంతకన్నా ఏ కోచ్ ఏం చేయగలడు?

మోజ్‌గోవ్ అటువైపు పాయింట్లు చేస్తాడు, నిజమే. ఇటువైపు అతను ఎవరిని కాయాలి? ఇగ్వడాలానా? బార్న్స్‌నా? కాయకుండా రింగు కింద నిలబడితే వాళ్లు ఖాళీగా త్రీ వేస్తారు. బయటికి వస్తే గ్రీన్ లోపలికి దూసుకుపోతాడు. ఏ పక్క చూసినా నష్టమే. బ్లాట్ రెండు నష్టాల్లో చిన్నదాన్ని ఎంచుకున్నాడు.

జిల్లా కోచ్ | జూన్ 15

మీరిద్దరూ చెప్పినవాటిలో చెరో సగం తీసుకుంటాను. మోజ్‌గోవ్‌ను తగ్గించడంలో తర్కం ఉంది. తొమ్మిది నిమిషాలకు తగ్గించడంలో లేదు. ఒకసారి కరీ విశ్రాంతికి వెళ్లిన నిమిషాలు చూసుకోండి. అప్పుడు వారియర్స్ వేగం తగ్గుతుంది. అవే మోజ్‌గోవ్‌కు సరైన నిమిషాలు. అతను ఉంటే ఆ కాసేపు లెబ్రాన్ బంతిని అతనికి అందించి ఊపిరి తీసుకోవచ్చు. 40 పాయింట్లు, 14 రీబౌండ్లు, 11 అసిస్టులు. ఒకే మనిషి. 45 నిమిషాలు. అతనికి దొరికిన విశ్రాంతి మూడు నిమిషాలు! మోజ్‌గోవ్‌ను కూర్చోబెట్టడంలో అసలు నష్టం పాయింట్లలో కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది.

అంకెల పుస్తకం | జూన్ 15

బ్లాట్ చేసిన ఇంకొక పని చూడండి, అది నాకు తెలివైన పనిగా తోచింది. బంతి లేకపోయినా ఇగ్వడాలాను కావాలని ఫౌల్ చేయించి ఫ్రీ త్రోలకు పంపాడు. ఇగ్వడాలా 11 వేస్తే రెండే పడ్డాయి. ఈ మందు పనిచేసింది, కెర్ చాలా ఇబ్బంది పడ్డాడు. అయినా అతన్ని బయటికి తీయలేదు. ఎందుకంటే అటువైపు లెబ్రాన్‌ను కాయగలిగినవాడు అతనే. తొమ్మిది పాయింట్లు పోయినా సరే, ఆ కాపలా పోకూడదనుకున్నాడు.

నీలి జెర్సీ | జూన్ 15

ఆ ఫౌల్ ఎత్తుగడ చూడడానికి నాకు అసహ్యంగా ఉంది. ఫైనల్స్ ఆపి ఫ్రీ త్రో సాధన చేయించినట్టు ఉంది. నియమం మార్చాలి.

పాత సెంటర్ | జూన్ 15

నియమం ఎందుకు మార్చాలి? ఫ్రీ త్రో వేయడం నేర్చుకోవాలి. కాపలా ఉండదు, తొందర ఉండదు, 15 అడుగుల దూరం. జీతం తీసుకునే ఆటగాడు ఇది వేయాలి.

ఓక్‌లాండ్ రైలు | జూన్ 17

105-97! క్లీవ్‌లాండ్‌లోనే ముగించారు. 1975 తరువాత ఇదే మొదటి టైటిల్. నలభై ఏళ్లు! రాత్రి ఇక్కడ వీధుల్లో హారన్లు ఆగలేదు. కెర్‌కు కోచ్‌గా ఇది మొదటి సంవత్సరం. మొదటి ఏడాదే టైటిల్ గెలిచిన కోచ్ 1982లో పాట్ రైలీ తరువాత మళ్లీ ఇతనే.

అంకెల పుస్తకం | జూన్ 17

కరీ 25, ఇగ్వడాలా 25. గ్రీన్ 16 పాయింట్లు, 11 రీబౌండ్లు, 10 అసిస్టులు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో తడబడిన అదే గ్రీన్. సెంటర్ స్థానంలోకి జరిపాక అతని ముందు దారి తెరుచుకుంది. మాస్టారు జూన్ 10న రాసిన పోస్టు మళ్లీ చదవండి.

పాత సెంటర్ | జూన్ 17

గ్రీన్ ఆట అద్భుతం, చేతులెత్తి మొక్కాను. అయితే బ్లాట్ మోజ్‌గోవ్‌ను తిరిగి ఆడించాడు, 17 పాయింట్లు, 12 రీబౌండ్లు. సగం ఆటకు 45-43. మ్యాచ్ చివరి దాకా పోరాటం ఉంది. కాబట్టి ఐదో మ్యాచ్‌లో అతనికి 25 నిమిషాలు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అన్న నా ప్రశ్న అలాగే ఉంది. మూడో క్వార్టర్‌లో 73-61కి జారిపోయారు, అక్కడ పోయింది.

ఇంకొకటి. కెర్ మరో సెంటర్ ఎజెలీని కూడా వాడుకున్నాడు. పొడుగువాళ్ల అవసరం తీరిపోలేదని ఆయనకే తెలుసు.

తార్నాక త్రీ | జూన్ 17

ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి పురస్కారం) ఇగ్వడాలాకు ఇవ్వడం న్యాయమేనా? పదకొండు ఓట్లలో ఏడు అతనికి, నాలుగు లెబ్రాన్‌కు. కరీకి ఒక్కటీ రాలేదు.

ఈరీ ఒడ్డు | జూన్ 17

న్యాయం కాదు. లెబ్రాన్‌కు సగటున 35.8 పాయింట్లు, 13.3 రీబౌండ్లు, 8.8 అసిస్టులు. రెండు జట్లలో కలిపి మూడింటిలోనూ మొదటి స్థానం. ఫైనల్స్ చరిత్రలో ఇలా ఎవరూ చేయలేదు. ఓడిన జట్టులోని ఆటగాడికి ఎంవీపీ ఇవ్వకూడదని నియమమేమీ లేదు. 1969లో జెర్రీ వెస్ట్‌కు ఇచ్చారు.

జిల్లా కోచ్ | జూన్ 17

అంకెలు చూస్తే లెబ్రానే. సిరీస్‌ను మలుపు తిప్పినవాడు ఎవరని చూస్తే ఇగ్వడాలా. నేను ఓటరునైతే ఇగ్వడాలాకే వేస్తాను. 0-7 నుంచి ఆ లైనప్ నిలబడడానికి మొదటి కారణం అతనే. లెబ్రాన్ వేసిన ప్రతి షాట్ కష్టమైన షాట్ కావడానికి కారణమూ అతనే. సిరీస్ మొత్తంలో లెబ్రాన్ షాట్లలో నలభై శాతం కూడా పడలేదు. అంత గొప్ప ఆటగాణ్ని అక్కడ ఆపడం మామూలు పని కాదు.

ఈరీ ఒడ్డు | జూన్ 17

మాస్టారూ, మీతో ఎంవీపీ విషయంలో ఏకీభవించను, అయినా మీరు వివరించిన తీరుకు నమస్కారం. వచ్చే ఏడాది ఇర్వింగ్, లవ్ ఇద్దరూ కోర్టులో ఉండగా ఈ పొట్టి లైనప్ మళ్లీ ఎదురైతే, మోజ్‌గోవ్‌ను ఎన్ని నిమిషాలు ఆడించాలంటారు?

జిల్లా కోచ్ | జూన్ 17

లవ్ ఉంటే లెక్క మారుతుంది. అతను సెంటర్‌గా నిలబడి బయట నుంచి త్రీ వేయగలడు కాబట్టి గ్రీన్ రింగు వదిలి బయటికి రాక తప్పదు. మోజ్‌గోవ్‌కు కరీ లేని నిమిషాలు, ప్రతి సగంలో ఏడెనిమిది. డిఫెన్స్‌లో లవ్‌ను కరీ వెంటాడకుండా దాచడమే మీకు కష్టం. దాని గురించి విడిగా రాస్తాను, మా పిల్లల ప్రాక్టీసుకు వేళయింది.